పద్దు పుస్తకంలో ఎక్కని బాకీలు

అందరికీ నమస్కారమండి.

మొన్న మా ఆడిటరు గారు ఏడాది లెక్కలు చూస్తూ ఒకచోట ఆగిపోయారు. "ఇదేంటండీ, గోదావరి లంకలో పిల్లలకి కబడ్డీ, చదువు నేర్పే సంస్థ నడుపుతున్నారు, కాజ్‌వే మునిగిందంటే పడవ తప్ప దిక్కులేదు, పడవ ఖర్చేమో సున్నా రాశారు?" అన్నారు. "ఆయ్, సున్నాయేనండి. రేవు బాబాయి మా పిల్లల దగ్గర డబ్బులు పుచ్చుకోడు" అన్నాను. "మరి దాన్ని ఏ పద్దు కింద వేద్దాం?" అన్నారు. నాకు జవాబు తట్టలేదు. ఇంటికొచ్చి పడుకున్నాక చూస్తే అలాంటివి ఇంకా బోలెడు గుర్తొచ్చాయి. కబడ్డీ మ్యాటు వచ్చింది, షెడ్డు లేచింది, డబ్బిచ్చిన ప్రతి ఒక్కరికీ రసీదు వెళ్ళింది. రసీదు అందనివాళ్ళ కోసమే ఈ నాలుగు ముక్కలూ.

తెలియనివాళ్ళ కోసం చెప్తాను. మాది కోనసీమలో వైనతేయ పాయ ఒడ్డునున్న లంక. పిల్లలకి సాయంత్రం కబడ్డీ నేర్పుతాం, దీపాలు పెట్టే వేళకి చదివిస్తాం. ఇదంతా 2017లో సంక్రాంతి వెళ్ళిన మర్నాడు మొదలైంది. పండగ మూడు రోజులూ కోడిపందేలు ఆడి జనం వెళ్ళిపోయాక, కొబ్బరితోట మధ్యలో చదును చేసి ఇసుక పోసిన బరి ఒకటి నున్నగా మిగిలింది. దాన్ని చూసి పదకొండు మంది కుర్రాళ్ళు చెడుగుడు గీతలు గీసుకున్నారు. తోట పెదనాన్న కేకలేస్తాడనుకుని నేను ముందే వెళ్ళి బతిమాలబోయాను. ఆయన చుట్ట తీసి, "కోళ్ళకిచ్చిన చోటు పిల్లలకి ఇవ్వనా ఏంట్రా? రాలిన కాయ మాత్రం ముట్టుకోకూడదు. అది మీ నెత్తిన రాలితే నాకు సంబంధం లేదు" అన్నారు. అద్దె ఒప్పందం అంతే, ఇప్పటికీ అదే నడుస్తోంది. కొబ్బరికాయల దింపు ఉన్న రోజున కూలీలను పొద్దున్నే ఎక్కించి, పిల్లలు బడి నుంచి వచ్చేలోగా కాయంతా పక్కకి తీయించేస్తారు. పెదనాన్నా, మీకు ఎనిమిదేళ్ళ అద్దె బాకీ.

మొదట్లో నాకు ఆట తప్ప మరోటి తెలియదు. కూత పెట్టడం, చీలమండ పట్టడం, బోనస్ గీత తొక్కడం, ఇవి వస్తే పిల్లలు బాగుపడిపోతారనుకున్నాను. కళ్ళు తెరిపించింది మా పిన్ని. ఆవిడ కువైట్‌లో పనిచేస్తుంది. రెండేళ్ళకోసారి వచ్చినప్పుడు కొడుకు ఆట చూడ్డానికి గట్టు మీద కూర్చుంది. ఆట అయ్యాక నన్ను పిలిచి, "మావాడు కూత బాగానే పెడుతున్నాడబ్బాయ్. పదో తరగతి తప్పితే మాత్రం వాడి కూత ఎవడు వింటాడు?" అంది. నలుగురిలో అనేసరికి నాకు రోషం వచ్చిన మాట నిజం. వారం తర్వాత వాళ్ళబ్బాయి లెక్కల పుస్తకం తెరిచి చూస్తే రోషం దిగిపోయింది.

అప్పుడు మా రిటైర్డు లెక్కల మాస్టారి దగ్గరికి వెళ్ళాను. ఆయనకి ఆటలంటే పడదు, ఆ మాట మొహానే చెప్పారు. అయినా వచ్చారు. పిల్లలు పుస్తకం ముట్టుకోవడం లేదని మూడో రోజుకే గ్రహించి, నాలుగో రోజు టేపు పట్టుకుని బరిలోకి దిగారు. మగవాళ్ళ కబడ్డీ కోర్టు 13 మీటర్లు, 10 మీటర్లు. ఆడవాళ్ళది 12, 8. వైశాల్యాలు కట్టమన్నారు. 130, 96 అని తేల్చారు. అప్పట్లో మా దగ్గరకి వచ్చే ఆడపిల్లలు ముగ్గురే. అందులో చిన్నది లేచి, "మాకెందుకండీ 34 తక్కువ?" అని అడిగింది. నలభై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషి నోట మాట రాలేదు. "రేపు చెప్తాను" అన్నారు. ఆ రేపు ఇంతవరకూ రాలేదు. కానీ ఆ రోజు నుంచి ఒక్క సాయంత్రం మానలేదాయన. కొవిడ్‌లో బళ్ళు మూసినప్పుడు కూడా తోటలో చెట్టుకొకణ్ణి కూర్చోబెట్టి చదివించారు. ఎనిమిదో తరగతి వాళ్ళు రాసే ఎన్‌ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష ఉంటుందని మాకు చెప్పింది ఆయనే. తార్కికానికి 90, పాఠాలకి 90 మార్కులు. నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు నేరుగా బ్యాంకులో పడతాయి. కూలి ఇంట్లో ఆ డబ్బు వస్తుందంటే ఆడపిల్లని బడి మాన్పించే మాట రెండేళ్ళు వాయిదా పడుతుంది. మొదట ఒక్కత్తే నెగ్గింది, "34 ఎందుకు తక్కువ" అని అడిగినదే.

సొసైటీగా రిజిస్టరు చేయించుకోమన్నది కూడా మాస్టారే. ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం, 2001 ప్రకారం కనీసం ఏడుగురు ఉండాలి. కబడ్డీ జట్టుకీ బరిలో ఏడుగురే కదా అని నవ్వుకుని సంతకాలు పెట్టాం. ఆ ఏడుగురిలో రేవు బాబాయి ఒకడు. సంతకం పెట్టడానికి వేలు వణికితే మాస్టారు చెయ్యి పట్టుకోబోయారు. "వద్దండి, తెడ్డు పట్టిన చెయ్యి, పెన్నుని కూడా పట్టుద్ది" అని తనే పెట్టాడు. ఆ తర్వాత ఒక కార్యాలయంలో ఒక్క కాగితం కోసం నాలుగు నెలలు తిప్పారు. ఆ ఊసు ఇప్పుడెందుకులెండి, కృతజ్ఞతలు చెప్పుకునే చోట.

2022 జులై గురించి మాత్రం చెప్పి తీరాలి. ధవళేశ్వరం దగ్గర 17.75 లక్షల క్యూసెక్కులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. ఆ జులైలో 25 లక్షలు దాటిపోయింది. 1986 వరద కథలు తాతలు చెబుతుంటే కొంత కల్పించి చెబుతున్నారనుకునేవాళ్ళం, ఆ నాలుగు రోజుల్లో తాతల మీద గౌరవం పెరిగింది. మా పాత పాకలో ఉన్న పుస్తకాలు, బూట్లు, రోజూ రాసుకునే హాజరు పట్టీ అన్నీ పోయాయి. మా పెద్ద కుర్రాళ్ళు రేవు బాబాయితో కలిసి మంచినీళ్ళు, పాల ప్యాకెట్లు ఇల్లిల్లూ తిరిగి అందించారు. అప్పటిదాకా "ఆ చెడుగుడు గాళ్ళు" అన్న ఊరు, ఆ వారం తర్వాత "మన పిల్లలు" అనడం మొదలెట్టింది. నీళ్ళు తీశాక బరి మీద మోకాలిలోతు ఒండ్రు. పక్కూరి రైతులు మూడు ట్రాక్టర్లు తెచ్చి ఎత్తుకుపోయారు. డీజిలుకి డబ్బులివ్వబోతే, "ఈ మట్టి మా తోటలకి బంగారమండీ, మేమే మీకివ్వాలి" అన్నారు. సాయమో బేరమో తెలియదు, ఇద్దరికీ కలిసొచ్చింది. దాన్ని కూడా ఏ పద్దులో రాయాలో ఆడిటరు గారే చెప్పాలి.

ఆడపిల్లలు అసలు పెరిగింది ఆ మరుసటి ఏడాది. దానికి ముందు మా హైస్కూలు డ్రిల్లు మేడం ఇల్లిల్లూ తిరిగి తల్లులతో పోట్లాడని రోజు లేదు. "నిక్కర్లేసుకుని మట్టిలో దొర్లితే రేపు సంబంధం ఎవరు చేసుకుంటారు" అన్నది ప్రతి గుమ్మంలోనూ వినబడిన మాటే. మేడం వాదన పెట్టుకోకుండా, "సరేనమ్మా, ఫుల్ ప్యాంటు వేయిస్తాను. మీరొచ్చి పక్కనే కూర్చోండి" అనేవారు. తల్లులు వచ్చి కూర్చున్నారు, కూర్చున్నవాళ్ళు ఖాళీగా ఉండలేక శనగలు ఉడకబెట్టడం మొదలెట్టారు. డ్వాక్రా సంఘం తల్లులు పెట్టే ఉడికిన శనగలు, గుడ్డు అలా మొదలైనవే. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు ఏ వేళకి వచ్చినవాళ్ళకి ఆ వేళకి అన్నం పెట్టిన నేల కదండీ మాది, ఆ గాలి ఎక్కడికి పోతుంది.

ఇక 2023 అక్టోబరు 7. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన ఆడపిల్లలు కబడ్డీ ఫైనల్లో చైనీస్ తైపీని 26-25తో, ఒక్క పాయింటు తేడాతో గెలిచారు. ఆ క్రీడల్లో భారత్‌కి అది వందో పతకం. అదే రోజు మగవాళ్ళ కబడ్డీలోనూ బంగారమే, మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి, చిరాగ్ శెట్టితో కలిసి బ్యాడ్మింటన్ డబుల్స్‌లో కొట్టిందీ బంగారమే. రేషన్ డీలరు బాబాయి తన టీవీని అరుగు మీదకి తెచ్చి పెట్టాడు. "సంబంధం ఎవరు చేసుకుంటారు" అన్న తల్లే చివరి కూతకి లేచి నిలబడి, "పట్టండే, పట్టండే!" అని అరిచింది. దసరా సెలవులయ్యేసరికి ఇరవై మందికి పైగా ఆడపిల్లలు కొత్తగా వచ్చారు. ఇవాళ మా దగ్గరకి వచ్చే పిల్లలు వంద దాటారు, దగ్గర దగ్గర సగం మంది ఆడపిల్లలే.

పెరగడంతో పాటు నా తెలివితక్కువతనం కూడా బయటపడింది. సబ్ జూనియర్ల సెలెక్షన్లకి పిల్లల్ని తీసుకెళ్ళాను. బరువు 55 కిలోలు దాటకూడదని తూకం వేసి మరీ తీసుకెళ్ళాను గానీ, ఆధార్‌లో పుట్టిన తేదీ, బడి రికార్డులో తేదీ ఒకటేనా అని చూసుకోలేదు. ఇద్దరిని గుమ్మంలోనే వెనక్కి పంపారు. తప్పు వాళ్ళది కాదు, నాది. ఆడినవాళ్ళ సంగతి ఇంకా ఘోరం. ఇసుకలో ఒట్టి కాళ్ళతో ఆడిన పిల్లలు మ్యాటు మీద బూట్లతో దిగేసరికి, కాలు ఎక్కడ ఆగాలో అక్కడ ఆగక, ఎక్కడ తిరగాలో అక్కడ తిరగక, మొదటి సగంలోనే అయిపోయారు. తిరుగు బస్సులో ఒక్కరూ ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

ఆ రాత్రే మ్యాటు కోసం మీ అందరినీ అడిగాను. ముందు స్పందించింది కువైట్ అక్కలు. పిన్నీ, ఆవిడ స్నేహితురాళ్ళూ నెలనెలా ఇంటికి పంపేదాంట్లోంచి కొంత ఆపి పోగేశారు. విదేశాల నుంచి డబ్బంటే చిక్కులొస్తాయేమోనని భయపడ్డాను. భారత పౌరులు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకి రాదని ఆడిటరు గారు తేల్చి చెప్పారు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మా ఊరి అన్నయ్య ఒకాయన పెద్ద మొత్తం ఇస్తానన్నారు. అది మాత్రం ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ లేకుండా మేం పుచ్చుకోకూడదు. వద్దని చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆయన కొంచెం నొచ్చుకున్నారు కూడా. అయితే సంక్రాంతికి వచ్చినప్పుడు పది రోజులు పొద్దున్నే వచ్చి పిల్లలకి ఇంగ్లీషులో మాట్లాడ్డం నేర్పారు. "డబ్బు వద్దంటే చెమటైనా తీసుకోండిరా" అన్నారు. అన్నయ్యా, అది తీసుకున్నాం.

అంబాజీపేట కొబ్బరి వ్యాపారులు, రావులపాలెంలో అరటి గెలల లోడు ఎత్తే హమాలీలు, పేరు రాయొద్దన్న పెద్దలు, అందరికీ దండాలు. హమాలీలు మా దగ్గరికి పాత సిమెంటు సంచిలో చిల్లర తెచ్చారు. ఆదాయపు పన్ను మినహాయింపుకి పనికొచ్చే 80జీ రసీదు కోసం పాన్ నెంబరు అడిగితే, "మాకు పాన్ లేదండి, పాన్ డబ్బా ఉంది" అన్నాడొకాయన. షెడ్డు కట్టిన మేస్త్రి కూలీ తీసుకున్నాడు గానీ, అడక్కుండానే గోడ మీద 2022 వరద గీత గీసి, దానికి రెండు జానల పైన అటక కట్టాడు. "మ్యాటు కొంటున్నారు, నీళ్ళొస్తే ఎక్కడ పెడతారు?" అన్నాడు. నాకు ఆ ఆలోచనే రాలేదు.

మ్యాటు ఒక్క ముక్కగా రాదండి. ఒకదానికొకటి పళ్ళు బిగించే పలకలు. మాది మీటరుకి మీటరు, మొత్తం 130. గోదావరికి రెండో హెచ్చరిక వచ్చిందని తెలియగానే ఎవరి పలక వాళ్ళు విప్పి అటక మీదకి ఎక్కించాలి. ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఒక నెంబరు ఇచ్చాం, పెద్దవాళ్ళలో కొందరికి రెండేసి. మొన్న ఒకసారి ఉత్తినే పందెం పెట్టి చూస్తే అరగంట లోపే అటక నిండిపోయింది. రేవు బాబాయి పడవ ఆపేసి వచ్చి చివరి పలక తనే అందించాడు.

వారంలో మూడు రోజులు ఆడపిల్లల సాధన. ఆ రోజుల్లో ఒక పక్క ఒక వరస, ఇంకో పక్క రెండు వరసలు విప్పేస్తాం, అంచుల చుట్టూ కొబ్బరి పీచు పట్టాలు పరుస్తాం. కోర్టు సరిగ్గా 12కి 8 అవుతుంది. విప్పిన పలకలు 34. మాస్టారు వాటిని వసారాలో వరసగా పరిపించి, చిన్న తరగతుల పిల్లల్ని వాటి మీద కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పిస్తున్నారు. చెప్పించేది ఆ పిల్లే. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది.