మన ఫుట్‌బాల్ క్లబ్ గ్రౌండ్ జమా ఖర్చులు: 2025 ఏప్రిల్ 1 నుంచి డిసెంబర్ 31 వరకు

క్లబ్ సభ్యులకు, కోచింగ్‌కు వచ్చే పిల్లల తల్లిదండ్రులకు, చందాలిచ్చిన పెద్దలకు, పాత ఆటగాళ్లకు కమిటీ తరఫున నమస్కారం.

లెక్కలు దసరాకల్లా ఇస్తామన్నాం, ఇవ్వలేకపోయాం. కారణం కింద వస్తుంది. ఈలోపు వాట్సాప్ గ్రూపులో "లెక్క అడిగితే దండం బొమ్మ పెడతారు గానీ జవాబు చెప్పరు" అని ఒకరు రాశారు. రాత్రి పన్నెండింటికి అడిగితే దండమే పెడతాం, అన్నా. ఇప్పుడు మాత్రం రూపాయితో సహా చెబుతున్నాం, చదవండి.

ముందు జమ. దీంట్లో పెద్దగా చెప్పేదేం లేదు.

గత ఏడాది మిగులు 38,450
సభ్యత్వాలు, 112 మంది, ఒక్కొక్కరు 500 చొప్పున 56,000
కోచింగ్ ఫీజు, 36 మంది పిల్లలు, నెలకు 600, తొమ్మిది నెలలు 1,94,400
గ్రౌండ్ ఫండ్ చందాలు 6,61,000
టోర్నమెంట్ ఎంట్రీలు, 16 జట్లు, 2,500 చొప్పున 40,000
టోర్నమెంట్ స్పాన్సర్లు 45,000
పాత గోల్ పోస్టుల ఇనుము అమ్మితే వచ్చింది 6,200
బ్యాంకు వడ్డీ 4,130
మొత్తం జమ 10,45,180 రూపాయలు.

ఇక ఖర్చులో ఎవరూ అడగనివి: కోచ్‌కు నెలకు 12,000 లెక్కన 1,08,000. బంతులు, కోన్లు, బిబ్స్ 41,600. టోర్నమెంట్‌కు రిఫరీలు, ప్రైజ్ మనీ, కప్పులు, షామియానా, భోజనాలు కలిపి 92,750. ఫస్ట్ ఎయిడ్, తాగునీళ్లు, ఒక బాబుకు మణికట్టు విరిగితే కట్టిన ఆసుపత్రి బిల్లు అన్నీ కలిపి 18,300. మన క్లబ్ సొసైటీ ఆడిట్, ఫైలింగ్ 9,500. సొంత గ్రౌండ్ లేని ఎనిమిది నెలలు పొద్దున స్లాటు తీసుకున్న బాక్స్ టర్ఫ్‌కు (చుట్టూ వల కట్టి అద్దెకిచ్చే చిన్న మైదానం) నెలకు 6,000 లెక్కన 48,000. ఇవన్నీ కలిపితే 3,18,150.

మిగిలిన 6,94,200 గ్రౌండ్‌కు పెట్టాం. గొడవంతా ఇక్కడే.

గ్రౌండ్ ఖర్చు ఇలా ఉంది: స్థలానికి అడ్వాన్సు 3,00,000. సెప్టెంబర్ నుంచి డిసెంబర్ వరకు అద్దె, నెలకు 15,000 చొప్పున 60,000. వకీలు, ఈసీ (స్థలం మీద అప్పులు, తాకట్లు చూపే కాగితం), లీజు దస్తావేజు, స్టాంపు, రిజిస్ట్రేషన్ 34,800. చదును 2,03,200. బోరు మోటారు రిపేరు, పైపులు 21,500. కొత్త గోల్ పోస్టులు రెండు, నెట్లతో 46,000. గోల్ వెనక జాలీ 28,700.

అడ్వాన్సు సంగతి ముందు చెప్పేస్తాం. మూడు లక్షలు ఖర్చు కింద కనిపిస్తున్నా, అది పోయిన డబ్బు కాదు. ఖాళీ చేసిన రోజున తిరిగి రావాలని దస్తావేజులో రాయించాం.

స్థలం 1 ఎకరం 30 గుంటలు. అంత ఎందుకని ఒకరడిగారు. ఆట గీతల లోపల వంద మీటర్ల పొడవు, అరవై మీటర్ల వెడల్పు కావాలనుకున్నాం. చుట్టూ మూడేసి మీటర్లు వదిలితే దాదాపు 7,000 చదరపు మీటర్లు, అంటే 70 గుంటలు. ఒక్క గుంట తగ్గినా త్రో వేసేవాడు గోడకు ఆనుకుని వేయాల్సిందే. ఎనిమిది నెలలు బాక్స్ టర్ఫ్‌లో ఆడిన మన పిల్లల్లో కొందరికి కార్నర్ ఎక్కడి నుంచి కొట్టాలో కూడా తెలియలేదు.

ఇప్పుడు చదును లెక్క. మేం వేసుకున్న అంచనా 1,10,000. అయింది 2,03,200. దాదాపు రెట్టింపు. దీని మీద రకరకాల మాటలు వచ్చాయి కాబట్టి విడమరిచి చెప్పాలి.

ఆ స్థలం ఒకప్పుడు ఇటుక బట్టీ. నాలా కన్వర్షన్, అంటే వ్యవసాయేతర భూమిగా మార్పిడి, ఎప్పుడో అయిపోయింది, అందుకే మాకు నచ్చింది. ఆగస్టులో చూడటానికి వెళ్లినప్పుడు మోకాలెత్తు గడ్డి, పచ్చగా, చూడముచ్చటగా ఉంది. నలుగురం ఆ చివర నుంచి ఈ చివరకు అడుగులు వేసి, ఇరవై టిప్పర్ల మట్టి, ముప్పై గంటల జేసీబీ చాలనుకున్నాం. సెప్టెంబర్ 4న జేసీబీ మొదటి బకెట్ ఎత్తగానే గడ్డి కింద ఇటుక ముక్కలు, బూడిద, మాడిన రాళ్లు బయటపడ్డాయి. మన సెంటర్ బ్యాక్ అక్కడే ఒక ముక్క తీసి వేలితో రాసి చూపించాడు, అంచు బ్లేడులా ఉంది. దాని మీద స్లైడ్ చేస్తే తొడ చీరుకుపోతుంది. పైన మట్టి పోసి కప్పేద్దామని ఒకరన్నారు. ఒక్క వాన పడితే ముక్కలన్నీ పైకి తేలతాయి. అందుకే అడుగు లోతు తీయించి, ఏరించి, మళ్లీ నింపాం. జేసీబీ 62 గంటలు, గంటకు 1,300, అంటే 80,600. ఎర్రమట్టి 38 టిప్పర్లు, 2,200 చొప్పున 83,600. ముక్కలు ఏరిన కూలీలు 45 మంది, 600 చొప్పున 27,000. రోలరు 12,000.

జేసీబీ ఎవరిదన్నది రెండో ప్రశ్న. అది మన కమిటీ సభ్యుడి బావమరిదిది. అవును. దాచలేదు, కానీ ముందుగా చెప్పనూ లేదు. చెప్పి ఉండాల్సింది, అది మా తప్పే. రేటు తేల్చిన రోజు ఆ సభ్యుణ్ని బయట కూర్చోబెట్టాం. మిగతా ఇద్దరు 1,350, 1,400 అడిగారు, ఈయన 1,300కు ఒప్పుకున్నాడు. ఆ రెండు రేట్లూ ఫోన్లో అడిగినవే, కాగితం లేదు. ఇకమీదట ఇరవై వేలు దాటిన ఏ పనికైనా మూడు కొటేషన్లు కాగితం మీద తీసుకుంటాం.

బంధువు కాబట్టి గంటలు ఎక్కువ రాశారన్న మాట మాత్రం ఒప్పుకోం. గంటలు రాసింది ఆయన కాదు, వాచ్‌మన్. రూళ్ల నోట్‌బుక్‌లో తేదీ, మొదలుపెట్టిన టైము, ఆపిన టైము, పక్కన డ్రైవరు సంతకం. అక్టోబర్ 14 నాటి వరసలో "వాన, బండి దిగబడింది" అని ఉంది. బురదలో దిగబడిన జేసీబీ తనను తాను పైకి లాక్కోవడానికి మూడు గంటలు పట్టింది. ఆయన ఆ మూడు గంటలకూ కలిపి 65 గంటల బిల్లు వేశాడు. మేం కట్టలేదు. బండి బయటికి రావడానికి క్లబ్ ఎందుకు డబ్బులివ్వాలి? 3,900 కోశాం. ఆ రోజు నుంచి బావా బావమరుదులు మాట్లాడుకోవడం లేదని వింటున్నాం, అది వేరే కథ.

అన్నిటికంటే పెద్ద ఆరోపణ, రిజిస్ట్రేషన్ కాకుండానే లక్షలు పోశారన్నది. నిజమే, పోశాం. మొదట ఆగస్టు 20న రాసుకున్నది 11 నెలల అగ్రిమెంటు. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అది లేకపోతే తొమ్మిదేళ్లని ఎంత పెద్ద అక్షరాలతో రాసుకున్నా లాభం లేదని వకీలు గారు మొదటి రోజే చెప్పారు. స్థలం ముగ్గురు అన్నదమ్ములది, ఒక చెల్లెలిది. ఆమె ఉండేది సోలాపూర్‌లో. సద్దుల బతుకమ్మకు పుట్టింటికి వస్తుంది, అప్పుడు నలుగురూ సంతకాలు పెడతారన్నారు. అది నమ్మే లెక్కలు దసరాకు ఇస్తామన్నాం. ఆమె అత్తగారు ఆసుపత్రిలో చేరడంతో పండక్కి రాలేకపోయింది. దీపావళికీ రాలేదు. ఆ రోజుల్లో కమిటీలో ఎవరికీ సరిగ్గా నిద్ర పట్టలేదు. ట్రెజరర్‌కైతే బీపీ మాత్ర డోసు పెరిగింది. చివరికి నవంబర్ 12న నలుగురూ వచ్చి తొమ్మిదేళ్ల లీజు రిజిస్టరు చేశారు. ఆ పది, పన్నెండు వారాలు ఆగి ఉంటే డిసెంబర్ టోర్నమెంటు లేదు, పిల్లలకు మరో సీజన్ పోయేది. తెగించాం. బెడిసికొట్టి ఉంటే మీరు మమ్మల్ని ఏమన్నా పడేవాళ్లం.

ఇక "అద్దె స్థలంలో ఇన్ని లక్షలా, అదేదో కొనేస్తే పోయేదిగా" అన్నవారికి. అక్కడ ఎకరం ధర కోట్లలో ఉంది. మన దగ్గరున్నది పైన చూశారు. అయితే కొనే దారి ఒకటి వచ్చిన మాట నిజం. మన మాజీ అధ్యక్షుడు గారు తన పేరు మీద స్థలం కొంటానని, క్లబ్ ఎన్నాళ్లైనా ఉచితంగా ఆడుకోవచ్చని ముందుకొచ్చారు. కమిటీ ఏడింట నాలుగు ఓట్లతో వద్దంది. ఇచ్చేవాణ్ని కాదన్నారని చాలామందికి కోపం. ఆయన మనసును మేం శంకించడం లేదు. ఆయన తర్వాత ఆ స్థలం ఆయన పిల్లలది అవుతుంది. వాళ్లకు ఫుట్‌బాల్ మీద ఆసక్తి ఉండాలని రూలేం లేదు కదా?

మీటింగులో సెక్రటరీ ఇంగ్లండ్ కథలు చెప్పి అందర్నీ విసిగించాడని కూడా ఫిర్యాదు ఉంది. ఇది రాస్తున్నది ఆ సెక్రటరీనే, కాబట్టి మరోసారి భరించండి. డర్బీ కౌంటీ అనే అక్కడి ఫుట్‌బాల్ క్లబ్ 2018లో తన స్టేడియాన్ని తన యజమాని కంపెనీకే దాదాపు 8 కోట్ల 10 లక్షల పౌండ్లకు అమ్మింది. పుస్తకాల్లో లాభం కనిపించింది. 2021 సెప్టెంబర్‌లో క్లబ్ అప్పులు తీర్చలేక దివాలా నిర్వాహకుల చేతికి వెళ్లింది. ఆ సీజన్లో మొత్తం 21 పాయింట్లు కోయడంతో కింది డివిజన్‌కు జారింది. అప్పటికి క్లబ్ ఒక చేతిలో, గ్రౌండ్ ఇంకో చేతిలో.

ఇంకో ఇంగ్లండ్ క్లబ్ కొవెంట్రీ సిటీ కథ మనకు ఇంకా దగ్గరిది. 1899 నుంచి ఆడుతున్న సొంత గ్రౌండ్ హైఫీల్డ్ రోడ్. అప్పుల్లో పడి దాన్ని అమ్మేసుకున్నారు. 2005లో ఊరి చివర కట్టిన కొత్త స్టేడియంలోకి అద్దెకు దిగారు. ఏడాదికి 12 లక్షల పౌండ్ల పైచిలుకు అద్దె. కింది డివిజన్‌కు జారిన 2012లోనే ఆ అద్దె మొయ్యలేక కట్టడం ఆపేశారు. గొడవ ముదిరి 2013లో యాభై కిలోమీటర్ల పైన ఉన్న నార్తాంప్టన్‌లో ఆడారు. అభిమానులు చాలామంది లోపలికి వెళ్లనని మొరాయించి, స్టేడియం పక్కన గుట్టెక్కి నిలబడి చూశారు. 2014లో కొవెంట్రీలోని స్టేడియాన్ని ఒక రగ్బీ క్లబ్ కొనేసుకుంది. 2019 నుంచి రెండు సీజన్లు మళ్లీ ఊరొదిలి బర్మింగ్‌హామ్‌లో. చివరికి 2025 ఆగస్టులో స్టేడియాన్ని క్లబ్బే కొనుక్కుంది. ఇరవై ఏళ్లు పట్టింది.

మనూరి సంగతీ చూశాం కదా. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు తెచ్చింది. ఆ రాత్రి మనమంతా రోడ్డు మీదే ఉన్నాం. 2025లో అదే క్లబ్ పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. గచ్చిబౌలి స్టేడియం ప్రభుత్వానిది, క్లబ్‌ది కాదు. ఇక్కడ వదిలి వెళ్లడానికి దానికి ఒక్క గోల్ పోస్టు కూడా సొంతంగా లేదు.

స్థలం ఒక్కరి పేరు మీద వద్దని మేం అన్నది ఇందుకే. లండన్ క్లబ్ చెల్సీ గ్రౌండ్ 1990ల నుంచి వేల మంది చిన్న వాటాదారుల కంపెనీ పేరు మీద ఉంది, ఎన్ని వాటాలున్నా ఒకరికి వంద ఓట్లు దాటవు. 2011లో అప్పటి క్లబ్ యజమాని, రష్యా కుబేరుడు అబ్రమోవిచ్ అంతటివాడు దాన్ని క్లబ్‌కు తిరిగి కొంటానంటే, కావాల్సిన 75 శాతం ఓట్లు రాలేదు. మాజీ అధ్యక్షుడు గారు సొసైటీ పేరు మీద రాస్తానంటే రేపే వెళ్లి ఆయనకు శాలువా కప్పుతాం. అప్పటిదాకా రిజిస్టరైన తొమ్మిదేళ్ల లీజే మనకు ఆస్తి.

చందాల బాకీ. 58 మంది రాసిచ్చిన మొత్తం 9,35,000. 39 మంది పూర్తిగా ఇచ్చారు, వాళ్లకు చేతులెత్తి మొక్కుతున్నాం. అందులో ఆటో నడుపుకునే మన పాత గోల్‌కీపర్ ఐదు వేలు మూడు విడతల్లో తెచ్చిచ్చాడు. రావాల్సింది 2,74,000. ఇందులో 50,000 డాలస్‌లో ఉన్న మన పాత లెఫ్ట్ వింగర్‌ది. ఆయన తప్పేం లేదు, పంపుతానంటే మేమే ఆపాం. ఆయనకు అమెరికా పౌరసత్వం వచ్చింది. ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా అది విదేశీ విరాళం కిందకే వస్తుంది, మన సొసైటీకి విదేశీ విరాళాలు తీసుకోవడానికి కావాల్సిన ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ లేదు. భారత పాస్‌పోర్టుతో దుబాయ్‌లో ఉన్నవాళ్లు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు, వాళ్లది తీసుకున్నాం. అందుకే "ఆయనది వద్దని ఈయనది తీసుకున్నారు" అని పుకారు. డబ్బు కాకపోతే బూట్లు పంపుతానన్నాడు పాపం. వస్తువులైనా అంతేనని ఆడిటరు చెప్పాడు.

ఇంకో లక్ష మాజీ అధ్యక్షుడు గారు రాసిచ్చింది. ఆ ఓటింగు తర్వాత రాలేదు. అడగడానికి మాకూ మొహం చెల్లడం లేదు.

మిగిలిన 1,24,000 పదిహేడు మంది దగ్గరుంది. పేర్లు రాయం. ఉగాది మీటింగులో మైకు అడిగి మరీ ప్రకటించి, చప్పట్లు కొట్టించుకున్నవారు ముగ్గురున్నారు. లెక్కలు ఏవని గ్రూపులో అందరికంటే ముందు అడిగినవారిలో ఇద్దరు వాళ్లే.

ఈ బాకీ వల్లే ఒక తప్పు జరిగింది. గ్రౌండ్ ఫండ్‌కు వచ్చింది 6,61,000, అయింది 6,94,200. తేడా 33,200 మామూలు ఖాతా నుంచి తీశాం. ఆ ఖాతాలో పిల్లల ఫీజులున్నాయి. "మా పిల్లల ఫీజుతో మట్టి పోశారు" అని ఒక తల్లి అడిగారు. అమ్మా, ఆ మాట నిజం. చందాలు రాగానే ముందు ఆ 33,200 వెనక్కి వేస్తాం.

మొత్తం ఖర్చు 10,12,350. నిల్వ 32,830, అందులో బ్యాంకులో 29,330, ట్రెజరర్ దగ్గర 3,500. జనవరి, ఫిబ్రవరి అద్దె కడితే మిగిలేది 2,830. మార్చి అద్దె ఎక్కడిదని అడగకండి, ఆ పదిహేడు మందిని అడగండి.

బిల్లులు, వోచర్లు, లీజు కాపీ ఆదివారం పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా గ్రౌండ్‌లో ఉంటాయి. జేసీబీ నోట్‌బుక్ వాచ్‌మన్ గదిలో మేకుకు వేలాడుతోంది. ఎవరైనా చూడొచ్చు. ఫొటో తీసుకోండి గానీ, పోయిన వారంలాగా పేజీ చింపుకుని పోవద్దు.