వార్షిక నివేదిక: కొత్త స్టీరియో, పాత యాంప్లిఫయర్

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన మోటార్‌సైకిల్ సంఘం శ్రమలో ఎక్కువ భాగం ఒకే సమస్యకు పోయింది. బండితో వచ్చిన స్టీరియో పాడైందనో, ఫోనుతో కలవడం లేదనో సభ్యులు బయట కొత్తది కొని బిగించుకుంటున్నారు. యాంప్లిఫయర్ మాత్రం పాతదే ఉంచుతున్నారు. రెండూ కలిపాక శబ్దం రాకపోవడం, వచ్చినా బొంగురుపోవడం, తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోవడం: నెలవారీ మరమ్మతు శిబిరానికి వచ్చిన ఫిర్యాదుల్లో ఇవే ఎక్కువ. యాంప్లిఫయర్ పోయిందనుకొని కొత్తది కొనబోయినవారూ ఉన్నారు. విప్పి చూస్తే దాదాపు ప్రతిసారీ అది బాగానే ఉంది. దానికి అందాల్సిన సంకేతమే సరిగ్గా అందడం లేదు. అందుకే మిగతా కార్యక్రమాల కంటే దీని గురించే ఎక్కువగా రాస్తున్నాను.

స్టీరియో నుంచి సంకేతం రెండు దారుల్లో వస్తుంది. వెనకనున్న ఆర్‌సీఏ సాకెట్ల (యాంప్లిఫయర్‌కు సంకేతం పంపే గుండ్రని సాకెట్ల) నుంచి వచ్చేది చిన్నది, చాలా స్టీరియోల్లో 2 నుంచి 4 వోల్టుల వరకు ఉంటుంది. స్పీకర్ తీగల్లో వచ్చేది అంతకంటే బాగా పెద్దది. పాత యాంప్లిఫయర్ ఏది కోరుతుందో ముందు తెలుసుకోవాలి. స్పీకర్ తీగలను తెచ్చి నేరుగా ఆర్‌సీఏ ఇన్‌పుట్‌లో పెడితే పాట చిట్లిపోతుంది, ఇన్‌పుట్ దెబ్బతినే ప్రమాదమూ ఉంది. మధ్యలో ఆ పెద్ద సంకేతాన్ని ఆర్‌సీఏ స్థాయికి తగ్గించే లైన్ అవుట్‌పుట్ కన్వర్టర్ ఉండాల్సిందే. స్పీకర్ స్థాయి సంకేతానికే తయారైన యాంప్లిఫయర్‌కు ఆర్‌సీఏ సంకేతం ఇస్తే, ఎంత పెంచినా పాట నీరసంగానే ఉంటుంది.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఇప్పటి స్టీరియోల్లో స్పీకర్ మైనస్ తీగ ఎర్త్ కాదు, అందులోనూ సంకేతం నడుస్తుంది. దాన్ని ఛాసిస్‌కు కలిపితే స్టీరియో రక్షణ స్థితిలోకి వెళ్లి ఆగిపోతుంది, లేదా లోపలి ఐసీ (చిప్) కాలిపోతుంది.

యాంప్లిఫయర్ మీది గెయిన్ నాబ్‌ను చాలామంది వాల్యూమ్ అనుకుంటున్నారు. వచ్చే సంకేతానికి యాంప్లిఫయర్‌ను సరిపెట్టేందుకు ఉన్న మర అది. శిబిరంలో మేం పాటించిన పద్ధతి ఇది. స్పీకర్లు ఊడదీసి, ఈక్వలైజర్ సున్నాలో ఉంచి, స్టీరియో వాల్యూమ్ ముప్పాతికకు తెచ్చి, 1 కిలోహెర్ట్జ్ పరీక్ష స్వరం పెట్టాలి. యాంప్లిఫయర్ వాట్లను స్పీకర్ ఓంలతో గుణించి వర్గమూలం తీయాలి. 50 వాట్లు, 4 ఓంలు అయితే 14.1 వోల్టులు. మల్టీమీటర్‌ను ఏసీలో ఉంచి అవుట్‌పుట్‌లో ఆ అంకె కనిపించేదాకా గెయిన్‌ను మెల్లగా తిప్పి అక్కడే ఆపాలి. ఒక సభ్యుడి బండిలో గెయిన్ చివరిదాకా తిప్పి ఉంది. దాన్ని సగానికి తగ్గించి స్పీకర్లు మళ్లీ కలిపాక, గొంతు చించుకున్నట్టున్న పాటలో ఒక్కో వాద్యమూ విడిగా వినిపించింది. అప్పుడు ఆయన ముఖం చూసినవారికి ఆ మధ్యాహ్నపు శ్రమ గుర్తుండదు.

గుయ్‌మనే శబ్దం గురించి. ఒక బండిలో యాక్సిలరేటర్ తిప్పేకొద్దీ ఆ మోత పెరిగేది. తీగలన్నీ మార్చి చూశారు, పోలేదు. చివరికి యాంప్లిఫయర్ ఎర్త్ బోల్టు కింద రంగు పూత దొరికింది. ఇసుక కాగితంతో ఇనుము మెరిసేదాకా గీకి, స్టీరియో ఎర్త్‌నూ అదే చోటికి తెచ్చి బిగించాం. మోత అక్కడితో ఆగింది.

బ్యాటరీ దిగిపోవడానికి ముఖ్య కారణం రిమోట్ తీగ. స్టీరియో ఆన్ అయినప్పుడే యాంప్లిఫయర్‌ను లేపడం దాని పని. చాలా స్టీరియోల్లో అది నీలం మీద తెల్ల గీతతో ఉంటుంది. దాన్ని నేరుగా బ్యాటరీకి కలిపితే యాంప్లిఫయర్ రాత్రంతా మేలుకొనే ఉంటుంది. విద్యుత్తు లెక్క కూడా మరవకూడదు: 200 వాట్లు ఇచ్చే క్లాస్-డి (విద్యుత్తు తక్కువ వృథా చేసే రకం) యాంప్లిఫయర్ 80 శాతం సామర్థ్యంతో పనిచేసినా, పూర్తి జోరులో 13.8 వోల్టుల దగ్గర సుమారు 18 ఆంపియర్లు లాగుతుంది. బండి నిలిచి ఇంజిన్ మెల్లగా తిరిగేటప్పుడు ఛార్జింగ్ అంత అందించలేకపోవచ్చు. ఫ్యూజు తప్పనిసరిగా బ్యాటరీ పక్కనే ఉండాలి. 4 ఓంలకు తగ్గకూడదని రాసి ఉన్న యాంప్లిఫయర్‌కు రెండు 4 ఓంల స్పీకర్లను సమాంతరంగా కలిపితే 2 ఓంలే అవుతుంది. దాన్ని అలా కాల్చుకోవద్దు.

ఇతర కార్యక్రమాలు: రక్తదానం, కొత్త రైడర్లకు హెల్మెట్ అవగాహన సమావేశాలు యథావిధిగా జరిగాయి. జనావాసాల్లో పాట తగ్గించాలనీ, వెనక వాహనాల హారన్ వినపడేంత శబ్దమే ఉంచాలనీ సర్వసభ్య సమావేశం తీర్మానించింది. దీన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను.

వచ్చే ఏడాది మల్టీమీటర్, తీగల కొనలను నొక్కి బిగించే క్రింపింగ్ పనిముట్లను సభ్యులకు అరువిచ్చే ఏర్పాటు చేస్తున్నాం. శిబిరానికి వచ్చేటప్పుడు పాత యాంప్లిఫయర్ లేబుల్‌ను ఫోటో తీసి తీసుకురండి. దాని మీది ఓంలు, వాట్లు, ఇన్‌పుట్ వోల్టేజీ చూశాకే పని మొదలుపెడతాం.

కార్యదర్శి