పాత కంప్యూటర్లలో మా సైటు: వచ్చే నెల నుంచి మారేది

విశాఖ అక్కయ్యపాలెం దుకాణం నుంచి అందరికీ నమస్కారం.

వచ్చే నెల ఒకటో తేదీ నుంచి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అనే పాత బ్రౌజర్‌లో (సైట్లు తెరిచి చూపే ప్రోగ్రాములో) మా సైటు తెరిచేవారు ఆర్డరు పెట్టలేరు. అరిసెలు, జంతికలు, పచ్చళ్ల జాబితా, ధరలు, పెద్ద అక్షరాల్లో మా ఫోను నంబరు మాత్రం కనిపిస్తాయి. ఫోను చేస్తే మేమే రాసుకుంటాం. చెప్పవలసింది ఇంతే, కానీ ఇందులో నా తప్పు ఒకటి ఉంది.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకు దుకాణం రేకులతో పాటు ఆర్డర్ల పుస్తకం కూడా పోయింది. ఎవరు ఎంత అడ్వాన్సు ఇచ్చారో మీ నోటి మాట మీదే మళ్లీ రాసుకున్నాం. ఆ మరుసటి ఏడాదే సైటు పెట్టించాను. అప్పుడు మీలో చాలామంది ఇళ్లలో విండోస్ 7 కంప్యూటర్లే.

మొన్న దసరాకు ముందు దాన్ని కొత్తగా చేయించాను. "పాత బ్రౌజర్లలో కూడా సరిచూడాలా అండీ? రెండు వారాలు ఎక్కువ పడుతుంది" అని అడిగాడు చేసిన అబ్బాయి. ఇంకా ఎవరు వాడతారులే అన్నాను. ఉక్కునగరం, కూర్మన్నపాలెం వైపు నుంచి నెలనెలా వచ్చే ఆర్డర్లు ఆగిపోయినా పండగ హడావుడిలో గమనించలేదు. ఒక పెద్దాయన రెండు బస్సులు మారి దుకాణానికి వచ్చి, "మూసేశారనుకున్నానమ్మా" అన్నారు. ఆయన తెర మీద తెల్లకాగితం తప్ప ఏమీ రాలేదట.

ఎందుకలా అంటే, అలంకరణకు సంబంధించిన కొత్త ఆదేశాలు అర్థం కాకపోతే పాత బ్రౌజర్ వాటిని వదిలేసి ముందుకు పోతుంది. పేజీ వంకరగా కనిపిస్తుంది, అంతే. స్క్రిప్టులో, అంటే సైటు చేత పని చేయించే ఆదేశాల ఫైలులో, కొత్త రాత ఒక్కటి ఎదురైతే మాత్రం ఆ ఫైలు మొత్తాన్నీ పక్కన పడేస్తుంది. అరిసెల మీద నువ్వులు తక్కువైతే సర్దుకుంటారు, పాకం తప్పితే పిండంతా పోతుంది. మా కొత్త సైటు మొత్తం స్క్రిప్టు మీదే నడుస్తుంది.

రిజిస్టరు తిరగేస్తే ఇలా ఇబ్బంది పడినవి ఏడు ఇళ్లని తేలింది. మొత్తం ఆర్డర్లలో నూటికి ఒకటి కూడా కాదు. కానీ ఆ ఏడూ సైటు మొదలైన ఏడాది నుంచి ఉన్నవి. నూటికి ఎంతమంది అని మాత్రమే చూసి తలుపు మూయడం కంపెనీలకు చెల్లుతుందేమో, నాకు చెల్లదు.

అలాగని పాతదాన్ని పూర్తిగా మోయలేను. దాన్ని తయారుచేసిన మైక్రోసాఫ్టే 2022 జూన్ 15న ఎక్స్‌ప్లోరర్‌కు సెలవు చెప్పింది. 2001లో వచ్చిన ఎక్స్‌ప్లోరర్ 6ను యూట్యూబ్ 2010లోనే వదిలేసింది. చేసినవాళ్లే బాగుచేయడం మానేసిన తాళం పెట్టి మీ డబ్బుకు నేను పూచీ పడలేను. పైగా ప్రతి చిన్న మార్పునూ రెండుసార్లు సరిచూడటానికి అయ్యే ఖర్చు చివరికి సున్నుండల ధర మీద పడుతుంది.

విండోస్ 7లో క్రోమ్ వాడేవారికి మరో మాట. అక్కడ క్రోమ్ 109వ వెర్షన్‌తో ఆగిపోయింది, 2023 తర్వాత కొత్తది రాలేదు. మా సైటు అందులో ఇప్పటికి బాగానే తెరుచుకుంటుంది, ఈ ఏడాది దాన్ని మూయను. ఆర్డరు పెట్టండి, కార్డు నంబరు మాత్రం అందులో కొట్టకండి. సరుకు ఇంటికి వచ్చాక ఇవ్వండి, లేదా మీ ఫోను నుంచి పంపండి. అబ్బాయికి ఇది నచ్చలేదు, రెండు పద్ధతులుంటే లెక్క తికమక అవుతుందంటాడు. అవుతుంది. చూసుకుంటాం.

ఏడు ఇళ్లలో ఐదింటికి నేనే ఫోను చేసి క్షమాపణ చెప్పాను. రెండు నంబర్లు పలకడం లేదు. అందులో ఒకరు ఉక్కునగరంలో ఉండేవారు, ప్రతి నెలా అరకిలో కారప్పూస, తీపి తగ్గించిన సున్నుండలు తెప్పించుకునేవారు. వారి ఇరుగుపొరుగు ఎవరైనా ఇది చదువుతుంటే, దుకాణం తెరిచే ఉందని ఒక్క మాట చెప్పండి.