మన మెష్ రేడియో సంఘం వార్షిక నివేదిక, 2025–26

అధ్యక్షుల వారికి, సభ్యులందరికీ నమస్కారం. ఫోన్ టవర్లతో పని లేకుండా, చిన్న రేడియో పెట్టెలు (నోడ్లు) ఒకదాని నుంచి ఒకటి మెసేజ్ అందుకుని ముందుకు పంపే మెష్ నెట్‌వర్క్ మనది.

ఈ ఏడాది ముందుగా చెప్పాల్సింది అక్టోబర్ 28 రాత్రి సంగతి. మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటిన ఆ రాత్రి కరెంటు పోయింది, కాసేపటికి మా వైపు ఫోన్లలో సిగ్నలూ పోయింది. సఖినేటిపల్లి వైపు తుఫాను షెల్టరులో ఉన్న మన సభ్యుడు "జనరేటరుకి డీజిల్ అయిపోవస్తోంది, పసిపిల్లలకి పాలు లేవు" అని మెసేజ్ పెట్టారు. మలికిపురం డాబా మీది నోడ్ దాన్ని అందుకుని రాజోలు చేర్చింది. రాజోలు సభ్యులు ఆ వానలోనే అధికారుల దగ్గరకు వెళ్లి చెప్పారు. తెల్లారేలోపు డీజిలూ, పాలూ ట్రాక్టర్ మీద షెల్టరుకి చేరాయి. ఏరు దాటించే పంటు ఆగిపోయినా వశిష్ఠ గోదావరి అవతల నరసాపురం సభ్యులకి మన కబుర్లు అందుతూనే ఉన్నాయి. నీటి మీద అడ్డం ఏమీ ఉండదు కాబట్టి ఏటికి అడ్డంగా సిగ్నల్ బాగా పోతుంది.

అదే సిగ్నల్ కొబ్బరితోటలో చతికిలపడుతుంది, ఆకులు తడిస్తే మరీను. మనది పల్లపు నేల, ఎక్కడానికి కొండల్లేవు. అందుకే ఎత్తు కోసం ఇంత తాపత్రయం. వాటర్ ట్యాంకు మీద ఒక నోడ్ పెట్టుకోనివ్వమని ఇచ్చిన అర్జీకి ఏడాది గడిచినా జవాబు లేదు. వెళ్లినప్పుడల్లా సారు క్యాంపులో ఉన్నారంటారు. మనం వాడే 865–867 మెగాహెర్ట్జ్‌కి లైసెన్సు అక్కర్లేదని కాగితాలు జతచేసి మరీ ఇచ్చాం. తుఫాను మర్నాడు మెచ్చుకున్నవారే సంతకం పెట్టకపోతే బాధగానే ఉంటుంది.

కొత్త సభ్యులకి మూడు సంగతులు. గ్రూపులో పెట్టిన మెసేజ్‌కి టిక్కు పడితే, దాన్ని పక్కన ఏదో ఒక నోడ్ అందుకుని మళ్లీ పంపిందని మాత్రమే అర్థం. కావాల్సిన మనిషికి చేరిందని కాదు. "అందింది" అని తిరుగు జవాబు వచ్చేదాకా మళ్లీ పంపాల్సిందే. తుఫాను రాత్రి మనల్ని గట్టెక్కించింది ఈ ఒక్క అలవాటే. రెండు, ఒక మెసేజ్‌లో 200 బైట్లకి కాస్త పైన పడతాయి. తెలుగులో ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతం గుర్తు మూడేసి బైట్లు తింటుంది. తెలుగులోనే రాయండి, కానీ ముక్తసరిగా. మూడు, దయచేసి ఇంట్లో నోడ్‌ని రౌటర్‌గా (అందరి మెసేజ్‌లనూ ముందుగా తానే మళ్లీ పంపే పద్ధతిలో) పెట్టకండి. అందరూ రౌటర్లయితే ఒకదాని మీద ఒకటి అరుచుకుని అసలు మెసేజ్ పోతుంది. హాప్‌లు, అంటే మెసేజ్ నోడ్ నుంచి నోడ్‌కి చేసే గెంతులు, మూడు చాలు.

హామ్ రేడియోతో (ఔత్సాహికులు దూరాలకు మాట్లాడుకునే రేడియోతో) పోల్చి మనల్ని తక్కువ చేసేవారున్నారు. 2004 సునామీలో అండమాన్ నుంచి భారతి ప్రసాద్ గారి బృందం చేసిన సేవ మనకు ఎప్పటికీ ఆదర్శం. అయితే దానికి పరీక్ష, లైసెన్సు కావాలి. మనది మాట్లాడే రేడియో కాదు, రాసి పంపేది. ఊరి నుంచి పక్క ఊరికి కబురు చేర్చడం మన పని, అది చేసి చూపించాం.

ఇక మనసులో మాట. నోడ్ చెడిపోయేది తుఫానులో కాదు, మామూలు రోజుల్లో. ఉప్పుగాలికి యాంటెనా కనెక్టర్లు తుప్పు పడతాయి, పెట్టెలో చీమలు చేరతాయి, సోలార్ ప్లేటు మీద రెట్ట ఎండిపోతుంది. ముసురు పట్టి నాలుగు రోజులు ఎండ లేకపోయినా బ్యాటరీ నిలబడాలంటే ముందే చూసుకోవాలి. ఆదివారం తనిఖీకి రమ్మంటే వచ్చేది ఆ నలుగురే. తుఫాను తర్వాత ఫొటోకి హాలు నిండింది. ఆ వచ్చిన వాళ్లలో సగం మంది నిచ్చెన పట్టుకోవడానికి వచ్చినా నెట్‌వర్క్ ఇంకోలా ఉండేది.

జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు. ఖర్చు ఎక్కువగా బ్యాటరీలకే అయింది, అప్పులు లేవు. చందా బాకీలు ఈరోజే కట్టండి.

మలికిపురంలో డాబా ఇచ్చిన కుటుంబానికి, యాంటెనాకి అడ్డొచ్చే ఆకులు కొట్టిపెట్టిన, కొబ్బరికాయలు దింపే దింపు కార్మికులకి, డబ్బు తీసుకోకుండా వైరింగ్ చేసిన ఎలక్ట్రీషియన్ తమ్ముడికి, సోల్డరింగ్ చేసిపెట్టిన పాలిటెక్నిక్ పిల్లలకి, ఆ రాత్రంతా మేలుకుని టీలు అందించిన ఆడపడుచులకి సంఘం తరఫున కృతజ్ఞతలు.

గోదావరికి వరదలొచ్చేలోపు లంకల్లో రెండు నోడ్లు పెట్టాలి. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటి మొదటి హెచ్చరిక ఇచ్చాక పడవ మీద వెళ్లి పెట్టే పని కాదిది. వచ్చే భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవంలో, జనానికి ఫోన్లు కలవని చోట, మన వాలంటీర్లు నోడ్లతో నిలబడాలని కూడా కార్యవర్గం తీర్మానించింది. రెండింటికీ పేర్లు ఇచ్చేవారు సభ అయ్యాక సహాయ కార్యదర్శి గారిని కలవండి.

ఇట్లు,
కార్యదర్శి