గ్రాఫీన్ చిప్ వార్తల్లో ఉప్పు సంగతేదీ?

సంపాదకుల వారికి,

గ్రాఫీన్ (ఒక్క పరమాణువు మందాన ఉండే కార్బన్ పొర) చిప్ క్షణాల్లో వైరస్‌ను పట్టేస్తుందని రాస్తున్నారు సరే, అసలు చిక్కు మాత్రం రాయడం లేదు. 2020లో దక్షిణ కొరియా పరిశోధకులు కోవిడ్ కోసం చేసిన ట్రాన్సిస్టర్‌నే తీసుకోండి. గ్రాఫీన్ మీద ఒక కొసన పైరీన్ (చదునైన కార్బన్ వలయాల భాగం) ఉన్న లింకర్‌ను, అంటే రెంటినీ జోడించే అణువును పరిచి, దాని రెండో కొసకు వైరస్ పైనుండే స్పైక్ ప్రోటీన్‌ను పట్టే యాంటీబాడీని అతికించారు. పైరీన్ గ్రాఫీన్‌తో రసాయన బంధం పెట్టుకోదు, ఊరికే ఆనుకుని ఉంటుంది. అందుకే వాహకత చెడదు. వైరస్ యాంటీబాడీకి అంటుకుంటే దాని విద్యుదావేశం వల్ల గ్రాఫీన్‌లో కరెంటు మారుతుంది.

చిక్కల్లా ఉప్పుతోనే. మన ఒంట్లో ఉన్నంత ఉప్పు గల ద్రావణంలో ఉప్పు అయాన్లు (ఆవేశం ఉన్న కణాలు) వైరస్ విద్యుదావేశాన్ని కమ్మేస్తాయి. గ్రాఫీన్‌కు దాని ప్రభావం సుమారు 0.7 నానోమీటర్ల దూరం వరకే బాగా అందుతుంది. యాంటీబాడీ పొడవే 10 నానోమీటర్లు దాటుతుంది! బఫర్‌ను (పరీక్షకు వాడే ఉప్పు ద్రావణాన్ని) వంద రెట్లు పలుచన చేస్తే ఆ దూరం 7 నానోమీటర్లవుతుంది. కానీ నమూనానే పలుచన చేస్తే అందులోని వైరసూ అంతే పలచబడుతుంది. యాంటీబాడీకి బదులు పొట్టివైన ఆప్టమర్లు (వైరస్‌ను పట్టే చిన్న డీఎన్ఏ, ఆర్ఎన్ఏ ముక్కలు), నానోబాడీలు (చిట్టి యాంటీబాడీ ముక్కలు) వాడటం నా దృష్టిలో మెరుగు.

ఇక గ్రాఫీన్ మీద యాంటీబాడీ లేని ఖాళీ చోట్లను బీఎస్ఏ (ఆవు రక్తం నుంచి తీసే ప్రోటీన్) లాంటి దానితో కప్పకపోతే, లాలాజలంలోని ప్రోటీన్లు అంటుకుని దొంగ సిగ్నల్ ఇస్తాయి. ఆ కొరియా చిప్పే బఫర్‌లో మిల్లీలీటరుకు 1 ఫెమ్టోగ్రాము (నానోగ్రాములో పది లక్షలో వంతు) స్పైక్ ప్రోటీన్‌ను గుర్తించింది. ముక్కు నమూనాలు వేసే ద్రవంలో 100 ఫెమ్టోగ్రాములు కావాల్సి వచ్చింది. కాబట్టి అంకె వేసేటప్పుడు ఏ ద్రవంలో కొలిచారో, యాంటీబాడీ లేని చిప్‌తో పోల్చారో లేదో కూడా వేయండి.

– ఒక పాఠకుడు, హైదరాబాద్