ఏది ముందు కట్టిన ఓడ?

వర్జీనియా, ఆదివారం రాత్రి

నాయనా,

నేను ఇక్కడ క్షేమం. నువ్వు, అమ్మ బాగున్నారని తలుస్తాను. డబ్బు మంగళవారం వేశాను. అమ్మ మోకాలి మందులు ఒంగోలు వెళ్లినప్పుడు రెండు నెలలకు సరిపడా తెచ్చి పెట్టు. మొన్న ఫోనులో ఒక సంగతి మొదలుపెట్టేసరికి సిగ్నల్ పోయింది. అది బొమ్మ గీసి చూపాల్సిన సంగతి, అందుకే కాగితం తీసుకున్నాను.

నిన్న కావలి కుర్రాడి ఇంట్లో ఏడెనిమిది మందిమి చేరాం. మధ్యాహ్నం అన్నాల దగ్గర మొదలైన వాదన రాత్రి పది దాకా తెగలేదు. వాదన ఒక ఓడ గురించి. నీళ్లమీద ఓడ కాదు, నక్షత్రాల మధ్య తిరిగే ఓడ. స్టార్ ట్రెక్ అని, 1966లో ఇక్కడి టీవీలో మొదలైన కథ. ఇంటికొచ్చినప్పుడు నేను అర్ధరాత్రి దాకా చూస్తుంటే అమ్మ కేకలేసేది, అదే. అందులో ఓడ పేరు ఎంటర్‌ప్రైజ్. ముందు పెద్ద పళ్లెం, దాని కింద గొట్టంలాంటి పొట్ట, వెనక పైకి లేచిన రెండు ఇంజన్లు.

2001లో ఆ కథకు ముందు జరిగిన కథ తీశారు, నూరేళ్లు వెనక్కి వెళ్లి. దానికో ఓడ కావాలి కదా, అక్కడొచ్చింది తంటా. కొత్త ఓడకు పళ్లెం ఉంది, పొట్ట లేదు. బూడిదరంగు రేకు పలకలు, వెనక రెండు చేతులు చాచి వాటిమీద ఇంజన్లు. 1996లో వచ్చిన స్టార్ ట్రెక్ సినిమాలో అకిరా అనే రకం ఓడ ఒకటుంది. కథాకాలంలో అది రెండు వందల ఏళ్ల తర్వాతిది. ఇంచుమించు దాని పోలికే దీనికి దించారు. మనవడి ముఖం తెచ్చి ముత్తాతకు పెడతారా అని కావలి కుర్రాడి కోపం. పాతికేళ్లు కావస్తున్నా ఆ కోపం తగ్గలేదు.

నేనూ మొదట అతని పక్షమే. మాటల మధ్యలో తాత నావ గుర్తొచ్చింది నాయనా. కొత్తపట్నం ఇసుకలో బోర్లించి ఉండేది చూడు, సన్నగా, రెండు కొసలూ కోసుగా. పలకల సందుల్లో గుగ్గిలం వాసన ఇప్పటికీ నా ముక్కుకు తెలుసు. తర్వాత ఇంజను వచ్చాక నువ్వు కట్టిన నావకు వెనక కొస తీసేసి అడ్డంగా మందపాటి చెక్క బిగించావు, పొట్ట వెడల్పు చేశావు. ఇంజను కూర్చోవాలంటే తప్పదన్నావు. తెలియనివాళ్లకు ఆ రెండూ చూపిస్తే తాతదే కొత్తదంటారు, అంత నాజూకు దానిది. కాబట్టి ముందుది మోటుగానే ఉండాలనే రూలు ఎక్కడా లేదు. ఈ మాట అంటే అందరూ కాసేపు ఊరుకున్నారు.

నా లెక్కలో ఓడ వయసు దాని ఆకారంలో కనపడదు, దాని మీద మనుషులు చేసే పనిలో కనపడుతుంది. నూరేళ్ల తర్వాతి ఎంటర్‌ప్రైజ్ వాళ్లు ఇంకో ఓడను పట్టి లాగాలంటే కిరణం ఒకటి వేస్తారు, అంతే. ఈ ముందు ఓడ వాళ్లు కేబుల్‌కు కొక్కెం కట్టి విసురుతారు! అది తగిలి, బిగుసుకుని, లాగుతుంది. మన రేవులో ఇంజను ఆగిపోయిన పడవకు తాడు విసిరినట్టే. కాపాడుకోడానికి చుట్టూ కవచంలాంటి శక్తి కూడా ఉండదు, ఒంటిమీది రేకులకే కరెంటులాంటిది ఎక్కించుకుంటారు. లోపల ఇరుకు దారులు, జలాంతర్గామిలో ఉన్నట్టు. ఆ కొక్కెం విసిరే చోటు చూశాక ఇది ముందుదేనని నాకు నమ్మకం కుదిరింది.

ఒక్క విషయంలో మాత్రం కావలి కుర్రాడిదే న్యాయం. పొట్ట తీసేయకుండా ఉండాల్సింది. ఈ ముందు ఓడను గీసిన డగ్ డ్రెక్స్‌లరే తర్వాత పొట్ట తగిలించి ఇంకో బొమ్మ గీశాడు. కథ నాలుగు సీజన్లకే 2005లో ఆగిపోవడంతో అందులోకి రాలేదు. ఆ బొమ్మ చూస్తే ఈ ఓడనుంచి ఆ ఓడ ఎలా పుట్టిందో ఇట్టే తెలిసిపోతుంది. నాకు ఎంత బాధేసిందో చెప్పలేను.

నీకు చెప్పాలనుకున్న అసలు మాట ఇంకోటుంది. 1966 నాటి ఓడను టీవీ కోసం నిజంగా చేశారు, పదకొండు అడుగుల పొడవున, ఎక్కువ భాగం చెక్కతోనే! వాషింగ్టన్ మ్యూజియంలో 2017లో చూశాను. కుడి పక్క నున్నగా, అంకెలు, గీతలు అన్నీ ఉన్నాయి. లోపలి దీపాలకు వైర్లు ఎడమ పక్కనుంచి వస్తాయి కాబట్టి ఆ పక్క పూర్తి చేయకుండా వదిలేశారు. కెమెరాకు ఎప్పుడూ కుడి పక్కే చూపించేవాళ్లట. నువ్వుంటే గాజుపెట్టె దగ్గరే కూచుని అతుకులు ఎక్కడున్నాయో వెతికేవాడివి. నేనూ నీ తరఫున వెతికాను, పళ్లెం అంచున ఒక్కటీ దొరకలేదు. అంత శుభ్రంగా చిత్రిక పట్టారు.

వెనక పేజీలో రెండు ఓడలూ గీశాను, పేర్లు రాయలేదు. అమ్మకు ఏమీ చెప్పకుండా చూపించి, ఏది ముందు కట్టింది అని అడుగు. ఆమె ఏమందో, నీకేమనిపించిందో చెల్లెలి చేత రాయించి పంపు. తాత నావ పొడవెంతో, నడుమ వెడల్పెంతో కూడా రాయి. నీకు మూరల్లో గుర్తుంటే మూరల్లోనే రాయి, నేను లెక్క కట్టుకుంటాను.

నీ పెద్దకొడుకు