ఫీజు మాట బడిలో చేరే రోజునే చెప్పాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల మీద మీ పత్రికలో వస్తున్న వార్తలు ఇక్కడ ఫోన్లో చదువుతుంటాను. యాజమాన్యాలు బంద్ అంటాయి, ప్రభుత్వం విడతలవారీగా ఇస్తామంటుంది, పిల్లల సర్టిఫికెట్లు మాత్రం కాలేజీ బీరువాలో ఉండిపోతాయి. మా పెద్దమ్మ మనవరాలికి ఇదే జరిగింది. బీటెక్ పాసైంది, ఉద్యోగమూ వచ్చింది. ప్రొవిజనల్ కోసం వెళ్తే "సర్కారు డబ్బు ఇంకా పడలేదమ్మా, మీరు కట్టి తీసుకెళ్లండి, పడ్డాక తిరిగిస్తాం" అన్నారట. వాళ్లమ్మ గాజులు తాకట్టు పెట్టి కట్టారు. ఆ డబ్బు తిరిగొచ్చిందా అని అడగడం బాగుండదని ఊరుకున్నాను.

బకాయిలు తీర్చమని అందరూ రాస్తూనే ఉన్నారు. అసలు పథకం ఏ పునాది మీద నిలబడాలి అన్న సంగతి ఎవరూ ఎత్తడం లేదు. నేనుండే ఊరికి ఆనుకుని కలమజూ అనే నగరం ఉంది. అక్కడ ఇరవై ఏళ్లుగా నడుస్తున్న ఒక పద్ధతి గురించి మీ పాఠకులకు చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

కలమజూ మిషిగన్ రాష్ట్రంలో, షికాగోకీ డెట్రాయిట్‌కీ దాదాపు సగం దూరంలో ఉంటుంది. జనాభా డెబ్బై వేల పైచిలుకు, అంటే మన లెక్కలో ఒక మోస్తరు మున్సిపాలిటీ. కాలేజీలకు మాత్రం లోటు లేదు. 1833లో మొదలైన కలమజూ కాలేజీ ఉంది, 1903 నాటి వెస్టర్న్ మిషిగన్ యూనివర్సిటీ ఉంది, తక్కువ ఫీజుతో రెండేళ్ల కోర్సులు చెప్పే కమ్యూనిటీ కాలేజీ ఉంది. ఎమ్మెస్‌కి వెస్టర్న్‌కి వచ్చే మన పిల్లలు ఈ ఊరి చలిని ఇంటికి ఫోన్ చేసి తిట్టుకుంటూనే చదువు పూర్తి చేస్తుంటారు.

ఇన్ని కాలేజీలున్నా ఊళ్లో ప్రభుత్వ బడులు చాలాకాలం చిక్కిపోతూ వచ్చాయి. 1970ల మొదట్లో కోర్టు ఆదేశం ప్రకారం నల్లజాతి పిల్లల్నీ తెల్లజాతి పిల్లల్నీ కలిపి చదివించడానికి బస్సుల్లో అటూ ఇటూ పంపడం మొదలైంది. ఉన్నవాళ్లు మెల్లగా శివారు ఊళ్లకు జరిగిపోయారు. కాగితం మిల్లులు మూతపడ్డాయి. ఊరికి అన్నం పెట్టిన అప్‌జాన్ మందుల కంపెనీ చేతులు మారుతూ చివరికి 2003లో ఫైజర్‌లో కలిసింది, చాలా ఉద్యోగాలు పోయాయి. ప్రభుత్వ బడుల్లో మిగిలిన పిల్లల్లో సగానికి పైగా పేదింటివాళ్లే.

2005 నవంబర్ 10న స్కూలు బోర్డు సమావేశంలో సూపరింటెండెంట్ జానిస్ బ్రౌన్ లేచి ఒక ప్రకటన చేశారు. పేరు చెప్పడానికి ఇష్టపడని కొందరు దాతలు ముందుకొచ్చారనీ, ఈ ఊరి ప్రభుత్వ బడుల్లో చదివి హైస్కూలు పాసైన ప్రతి పిల్లకీ, పిల్లాడికీ మిషిగన్ ప్రభుత్వ కాలేజీల్లో ట్యూషన్ ఫీజు కడతారనీ చెప్పారు. దాని పేరు కలమజూ ప్రామిస్. 2006లో పాసైన బ్యాచ్‌తో మొదలైంది, నేటికీ నడుస్తోంది. 2015 బ్యాచ్ నుంచి రాష్ట్రంలోని కొన్ని ప్రైవేటు కాలేజీలను కూడా కలిపారు. ఆ దాతలెవరో ఇప్పటికీ బయటపెట్టలేదు. గుడికి ట్యూబులైటు ఇచ్చినా వెలుతురు ఆగేంత పెద్ద అక్షరాలతో దాని మీద మన పేరు రాయించుకుంటాం కదా, అందుకే నాకు ఈ సంగతి మొదట్లో నమ్మబుద్ధి కాలేదు.

షరతులు చూడండి. మార్కులు అడగరు, ర్యాంకు అడగరు, ఆదాయ ధ్రువీకరణ పత్రం అడగరు. అడిగేవి రెండే. ఊరి స్కూలు జిల్లా, అంటే ఒకే బోర్డు కింద ఉండే ప్రభుత్వ బడుల ప్రాంతం, ఆ పరిధిలో నివాసం ఉండాలి, అక్కడి ప్రభుత్వ బడిలో చదవాలి. కిండర్‌గార్టెన్ నుంచి చదివితే నూరు శాతం ఫీజు. తొమ్మిదో తరగతిలో వచ్చి చేరితే 65 శాతం. ఆ తర్వాత చేరితే ఏమీ రాదు. ఇచ్చినదాన్ని వెంటనే వాడేసుకోవాలన్న తొందరా లేదు, హైస్కూలు అయిన పదేళ్ల లోపు ఎప్పుడైనా వాడుకోవచ్చు. ఇంకో మంచి ఏర్పాటు ఏమిటంటే, మిగతా సాయం అంతా లెక్కగట్టి చివర్లో తక్కువ పడింది పూడ్చడం కాకుండా, ముందు వరసలో ఈ డబ్బే పడుతుంది. పేద పిల్లలకు కేంద్రం ఇచ్చే పెల్ గ్రాంటు అలాగే మిగిలి గది అద్దెకీ పుస్తకాలకీ పనికొస్తుంది. ఫీజు ఒక్కటే ఖర్చయినట్టు మాట్లాడే మనవాళ్లు ఇది గమనించాలి.

మన పథకంలో ఐదేళ్ల పిల్ల తండ్రికి ఏం తెలుసు? తెలంగాణలో బీసీ పిల్లాడికి ఇంజనీరింగ్‌లో పదివేల లోపు ర్యాంకైతే పూర్తి ఫీజు, దాటితే 35 వేలు. కాబట్టి ర్యాంకు కోసం పిల్లాణ్ణి ఆరో తరగతి నుంచే కార్పొరేట్ స్కూల్లో వేసి, కాలేజీలో మిగలబోయే డబ్బంతా ముందే అక్కడ ధారపోస్తాడు. బడిలో ఖర్చు పెట్టించి కాలేజీలో సాయం చేయడమన్నమాట. కలమజూలో దీనికి సరిగ్గా ఎదురు. కాలేజీ ఆశ చూపించి పిల్లల్ని ప్రభుత్వ బడికి రప్పించారు.

రప్పించారనడం ఊరికే కాదు. ప్రకటన వచ్చిన మరుసటి ఏడాదే బడుల్లో పిల్లలు దాదాపు పది శాతం పెరిగారు. మిషిగన్‌లో బడికి రాష్ట్రం ఇచ్చే డబ్బు పిల్లల తలలెక్కన వస్తుంది కాబట్టి పిల్లలు పెరగ్గానే బడులకు నిధులూ పెరిగాయి, టీచర్లను తీసుకున్నారు, దశాబ్దాల తర్వాత కొత్త బడి భవనాలు కట్టారు. 2010లో ఒబామా స్వయంగా వచ్చి కలమజూ సెంట్రల్ హైస్కూలు పిల్లల పట్టాల పండుగలో మాట్లాడారు. ఈ ఊరిని చూసి పిట్స్‌బర్గ్‌లో, ఆర్కన్సా రాష్ట్రంలోని ఎల్ డొరాడోలో ఇలాంటివే పెట్టారు.

అన్నీ బంగారమే అని రాస్తే మీరు అచ్చు వేయకూడదు. ఉపాధి మీద పరిశోధన చేసే స్థానిక అప్‌జాన్ ఇన్‌స్టిట్యూట్ ఆర్థికవేత్తలు లెక్క తీస్తే, హైస్కూలు అయిన ఆరేళ్లలో ఏదో ఒక పట్టానో సర్టిఫికెట్టో చేతికి తెచ్చుకున్నవాళ్లు 36 శాతం నుంచి 48 శాతానికి పెరిగారు. పెద్ద పెరుగుదలే. కానీ ఫీజు లేకపోయినా సగం మందికి పైగా పూర్తి చేయలేదన్న మాట కూడా అందులోనే ఉంది. పైగా ఆ లాభం దాదాపు అంతా అమ్మాయిలదే, అబ్బాయిల్లో మార్పు కనిపించలేదు. ఎందుకో ఎవరికీ గట్టిగా తెలియదు. అందుకే ఫీజుతో పాటు పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే సలహాదారుల్ని, చిన్న తరగతుల్లోనే చదవడం గట్టిపడే ఏర్పాట్లని పెంచుకుంటూ వచ్చారు.

మన తెలుగువాళ్ల సంగతీ ఒకటి చెప్పాలి. దక్షిణాన ఆనుకుని ఉన్న పోర్టేజ్‌కి వేరే స్కూలు జిల్లా ఉంది, ప్రామిస్ అక్కడ వర్తించదు. అయినా ఇల్లు కొనేటప్పుడు మనవాళ్లలో ఎక్కువమంది పోర్టేజే అంటారు. వెబ్‌సైట్‌లో బడి పక్కన ఉండే రేటింగ్ అంకె చూసి, ఒక అంకె తక్కువుంటే ఆ వీధిలోకి కారు కూడా తిప్పరు. "అక్కడైతే కాలేజీ ఫీజు లేదు కదా అన్నా" అని ఒకతణ్ణి అడిగితే, "ఫీజు మనం కట్టుకుంటాంలే తమ్ముడూ, పక్కన ఎవరు కూర్చుంటారన్నది ముఖ్యం" అన్నాడు. హైదరాబాద్‌లో, విజయవాడలో సర్కారు బడి గేటు దాటకుండా పెరిగినవాళ్లం మరి, అలవాటు విమానం ఎక్కి వచ్చింది. నేనూ పోర్టేజ్‌లోనే ఉంటున్నాను, కాబట్టి ఆయన్ని ఒక్కణ్ణే అనడం లేదు.

పన్ను కట్టేవాడు ఊరివాళ్ల పిల్లల పై చదువులకు ఎందుకు పెట్టాలి అనే ప్రశ్న ఎవరైనా వేస్తారు. ఆ ప్రశ్న వేసిందీ ఈ ఊరే. ప్రాథమిక విద్య సరే, హైస్కూలుకు మా పన్నులు వాడతారా అని కొందరు ఆస్తిపరులు కోర్టుకెక్కారు. వాళ్లలో సెనేటర్‌గా చేసిన చార్లెస్ స్టువార్ట్ కూడా ఉన్నారు. 1874లో రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తి థామస్ కూలీ వాడొచ్చని తీర్పు రాశారు. ఇతర రాష్ట్రాలు కూడా దాన్నే ఆధారం చేసుకుని ప్రభుత్వ హైస్కూళ్లు పెట్టుకున్నాయి. ఈ రోజు అమెరికాలో హైస్కూలు ఉచితం అంటే ఎవరూ ఆశ్చర్యపోరు.

దాతల డబ్బుతో నడిచేదాన్ని ప్రభుత్వం నెత్తిన ఎలా పెడతావని మీరు అడగొచ్చు. మిషిగన్ ప్రభుత్వమే 2009లో పేద ఊళ్ల కోసం 'ప్రామిస్ జోన్ల' చట్టం తెచ్చింది. మొదట స్థానికులు విరాళాలు పోగుచేసి రెండేళ్లు నడిపించాలి, ఆ తర్వాత ఆ ప్రాంతంలో పెరిగిన విద్యా పన్ను రాబడిలో కొంత ప్రభుత్వం వదులుతుంది. మన దగ్గరా ఇది చేయొచ్చు. ఏటా ఇక్కడి తెలుగు సంఘాలు మహాసభలకు పెట్టే ఖర్చు నేను చూస్తూనే ఉన్నాను. సొంత ఊరి బడికి బెంచీలో కంప్యూటర్లో ఇచ్చి ఫొటో దిగి వచ్చేవాళ్లూ చాలామంది ఉన్నారు. అదే డబ్బు ఒక్క మండలానికి కూడబెడితే "మన జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆరు నుంచి పది దాకా చదివిన ప్రతి బిడ్డకూ ఇంటర్, డిగ్రీ, డిప్లొమా, బీటెక్ ఏదైనా సరే ఫీజు మాది" అని గ్రామసభలో చెప్పొచ్చు. బడిలో ఎన్నేళ్లు చదివితే అంత శాతం. డబ్బు ముందే బ్యాంకులో ఉండాలి, కాలేజీకి సెమిస్టర్ మొదట్లోనే పడాలి. ప్రభుత్వ పథకం డబ్బు వచ్చినప్పుడు అది హాస్టలుకో పుస్తకాలకో పిల్లల చేతికే వెళ్లాలి. ఆరో తరగతిలో చేరే రోజున తండ్రి చేతికి ఇవన్నీ రాసి, సంతకం పెట్టిన కాగితం ఇవ్వాలి.

ప్రభుత్వాలు చేయాల్సింది ఇంకొకటి ఉంది, దానికి దాతలూ అక్కర్లేదు, కొత్త బడ్జెట్టూ అక్కర్లేదు. ప్రభుత్వం నుంచి రావాల్సిన బకాయికి పిల్లల సర్టిఫికెట్లు ఆపడం నేరమని ఒక జీవో ఇచ్చి, ఫిర్యాదు తీసుకునే అధికారి ఫోన్ నంబరు ప్రతి కాలేజీ గేటు మీద రాయిస్తే, మా పెద్దమ్మ మనవరాలి లాంటివాళ్ల ఇళ్లల్లో గాజులు చేతికే ఉంటాయి. ఈ ఉత్తరం అచ్చయితే ఆ మాట మటుకు కత్తిరించవద్దని మనవి.

ఇట్లు,
మీ పాఠకుడు,
పోర్టేజ్, మిషిగన్